చెరువులో బాసు, చేతిలో కండె

బాసుని పట్టడం గురించి రాస్తున్నానంటే అప్రైజల్ సీజన్ కదా అనుకునేరు. ఇది ఆ బాసు కాదు. లార్జ్‌మౌత్ బాస్ అని, అమెరికాలో చెరువు కనిపిస్తే చాలు, అందులో ఉండే చేప. ఆకుపచ్చ ఒళ్ళు, పక్కన నల్లటి చార, కంటి వెనక దాకా తెరుచుకునే నోరు. మన కొర్రమీనుకి చుట్టం కాదు గానీ బుద్ధి మాత్రం అదే. నాచు నీడలో నక్కి కూర్చుని, ముందునించి పోయేదాన్ని లటుక్కున మింగడం.

మేముండేది జార్జియాలో. మా కాలనీ వెనకాల ఒక చెరువుంది, మహా అయితే ఎకరంన్నర. మొన్న మే నెలలో మా పదేళ్ళ అమ్మాయి "నాన్నా, మనం కూడా చేపలు పడదామా" అని అడిగింది. ఈ కాలం పిల్లలు ఫోను పక్కన పెట్టి ఏదైనా అడగడమే పదివేలు. సరే అన్నాను. ఆ మాట అన్నాక సాఫ్ట్‌వేర్ వాడు చేసే పనేముంటుంది, రీసెర్చి! మూడు వారాలు రివ్యూలు చదివాను. పదకొండు కాలమ్‌లతో ఎక్సెల్ షీటు తయారుచేశాను. టోర్నమెంట్లు గెలిచేవాళ్ళు ఏం వాడతారో చూసి, అదే కొన్నాను. బెయిట్‌కాస్టింగ్ రీలు, దానికి తగ్గ గట్టి రాడ్డు. ఖరీదు ఇక్కడ రాయను, ఇంట్లోనే ఇంకా చెప్పలేదు :)

మొదటి రోజు, మొదటి విసురు. ఎర ఆరడుగుల దూరంలో పడింది. రీలు మాత్రం తిరుగుతూనే ఉంది. చూస్తుండగానే దారమంతా లోపల్నించి ఉబికి కాకిగూడులా తయారయ్యింది. నలభై నిమిషాలు కూర్చుని విప్పాను. రెండో విసురు, రెండో గూడు. అమ్మాయి కాసేపు చూసింది, తర్వాత గట్టుమీద రాళ్ళేరి నీళ్ళలోకి విసిరింది, ఆ తర్వాత "ఇంటికెళ్దాం నాన్నా, నాకిది రాదులే" అంది.

ఆ ఆఖరి మాట గుచ్చుకుంది. తనకి రాకపోవడమేమిటి? తను ఒక్కసారి కూడా విసరనేలేదు. నాకు రాని పనిముట్టు నేను కొని, తప్పు తనదనుకునేలా చేశాను. పది మంది వాడే ఇంట్రానెట్ పేజీకి ముప్పై మైక్రోసర్వీసులు రాసి, చివరికి కొత్తగా చేరిన కుర్రాడి చేత "నాకు ప్రోగ్రామింగ్ రాదేమో సార్" అనిపించే ఆర్కిటెక్టుల్ని చూశాం కదా. ఆ రోజు గట్టుమీద ఆ ఆర్కిటెక్టుని నేనే.

జూన్‌లో మా అమ్మ వచ్చింది. మాది చీరాల దగ్గర నేత కుటుంబం. నాన్న తరంలోనే ఇంట్లో మగ్గం పోయింది గానీ, అమ్మ చిన్నప్పుడు బడి నించి రాగానే రాట్నం ముందు కూచుని కండెలు చుట్టేదిట. ఒక సాయంత్రం, నా అవస్థ చూసి జాలిపడ్డాడేమో, పక్కింటి పెద్దాయన తన గరాజులోంచి ఒక పాత స్పిన్నింగ్ రాడ్డు, రీలు తెచ్చి మా అమ్మాయి చేతికిచ్చాడు. అమ్మ ఆ రీలు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దారం కొస పట్టుకుని కాస్త లాగింది. "ఇదేంట్రా, ఇది కండె కదూ! నాడెలో కండె తిరగదు, నూలు మొన మీంచి ఊడొస్తుంది. ఇదీ అంతే" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి ఆ రీలు పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతుంటే తెలిసింది, అమ్మ అన్నది పోలిక కాదు, చరిత్ర అని. చెరువులో బాసు పట్టడానికి ఏం కొనాలని ఎవర్నడిగినా దాదాపు ఒకటే పాఠం చెప్తారు. ఆరున్నర నించి ఏడడుగుల రాడ్డు, 2500 సైజు రీలు, ఎనిమిది పౌండ్ల దారం. ఈ అంకెలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఒక్కోదాని వెనక ఒక్కో కథ ఉంది. కథ తెలిస్తే అంకెలు బట్టీ పట్టక్కర్లేదు, ఎక్సెల్ షీటూ అక్కర్లేదు.

కథ కెంటకీలో మొదలవుతుంది. 1810 తర్వాత, కెంటకీ రాష్ట్రంలో పారిస్ అనే ఊళ్ళో (అవును, అక్కడా ఒక పారిస్ ఉంది) జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు ఒక రీలు చేశాడు. పిడి ఒకసారి తిప్పితే దారం చుట్టుకునే చక్రం నాలుగు సార్లు తిరిగేలా పళ్ళచక్రాలు పెట్టాడు. కెంటకీ రీలు అనే పేరుతో ఇది ప్రసిద్ధి. నేను కొన్న బెయిట్‌కాస్టర్ దాని మునిమనవడే. ఇందులో ఎర విసిరినప్పుడు, ఎగిరే ఎర దారాన్ని లాగాలి, దారం చక్రాన్ని తిప్పాలి. అంటే ఎర చేయాల్సిన మొదటి పని చక్రాన్ని కదిలించడం. ఒకసారి కదిలిన చక్రం తనంతట తను ఆగదు. ఎర వేగం తగ్గినా చక్రం తగ్గదు. దారం వెళ్ళే వేగం కన్నా చక్రం విడిచే వేగం ఎక్కువైతే? అదే నా కాకిగూడు. ప్రొడ్యూసర్ వేగంగా, కన్స్యూమర్ నెమ్మదిగా ఉంటే క్యూ ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా!

దీనికి మందు బొటనవేలు. చక్రం మీద వేలు ఆనించి, సమయానికి నొక్కాలి. అది సాధన చేస్తే వచ్చే విద్య, రానిది కాదు. కానీ ఇంకో చిక్కుంది. ఎర తేలికైతే చక్రాన్ని అసలు కదిలించనే లేదు. అందుకే వెనకటి బెయిట్‌కాస్టింగ్ కొయ్యచేపలు ఐదు బై ఎనిమిది ఔన్సు, అంటే దాదాపు 18 గ్రాములు ఉండేవి. చెరువులో మనం విసిరే ఎరలు చాలావరకు అందులో సగం కూడా ఉండవు.

మరి తేలికపాటి ఎర దూరంగా పడేదెలా? 1884లో స్కాట్లండులోని పెర్త్‌కి చెందిన పీటర్ మలాక్ ఒక ఉపాయం పేటెంట్ చేశాడు. విసిరేముందు రీలుని తొంభై డిగ్రీలు పక్కకి తిప్పేయాలి. అప్పుడు దారం చక్రాన్ని తిప్పకుండా, చక్రం అంచు మీంచి చుట్టలు చుట్టలుగా ఊడొస్తుంది. విసిరాక రీలుని మళ్ళీ మామూలుగా తిప్పి చుట్టుకోవాలి. జడత్వం గొడవ తీరింది. కానీ కొత్త గొడవ వచ్చింది. దారం అంచు మీంచి ఊడేటప్పుడు ఒక్కో చుట్టకి ఒక్కో మెలి పడుతుంది. చుట్టేటప్పుడు చక్రం మామూలుగా తిరుగుతుంది కాబట్టి ఆ మెలి విడిపోదు. యాభైసార్లు విసిరితే దారం పాత ల్యాండ్‌లైన్ ఫోను వైరులా ముడుచుకుపోతుంది. ఒక బగ్గు ఫిక్సు చేస్తే ఇంకో బగ్గు, మనకి అలవాటైన సంగతే.

దాన్ని విప్పినవాడు చేపల పనిముట్లు చేసేవాడు కాదు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ అని ఉన్ని బట్టల ఊరు. (మన నేతని దెబ్బతీసిన పత్తి మిల్లులు పక్క జిల్లా లాంకషైర్‌వి, బ్రాడ్‌ఫర్డ్ మీద ఆ పాపం వేయకండి.) అక్కడి మిల్లు కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఒక రీలుకి పేటెంట్ తీసుకున్నాడు. రోజూ మిల్లులో చూసే దృశ్యమే ఆయనకి దారి చూపించింది. కదలని కండె, దాని మొన మీంచి ఊడొచ్చే నూలు. రీలుని తిప్పి పెట్టే పని లేకుండా, చక్రాన్ని శాశ్వతంగా రాడ్డు పొడుగునా నిలబెట్టేశాడు. అది విసిరేటప్పుడూ తిరగదు, చుట్టేటప్పుడూ తిరగదు. పిడి తిప్పితే చక్రం చుట్టూ ఒక చెయ్యి తిరిగి దారాన్ని దాని మీద చుడుతుంది.

ఇందులో అందం ఏమిటంటే, మెలి లెక్క సరిపోయింది. చుట్టేటప్పుడు ఆ చెయ్యి ఒక్కో చుట్టకి ఒక మెలి వేస్తుంది. విసిరేటప్పుడు మొన మీంచి ఊడుతూ ఆ మెలి విడిపోతుంది. పుష్, పాప్. స్టాకు ఖాళీ.

మగ్గం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. 1733లో జాన్ కే పేటెంట్ తీసుకున్న ఎగిరే నాడెలో కూడా కిటుకిదే. నాడె మగ్గం ఈ కొస నించి ఆ కొసకి దూసుకుపోతుంటే లోపల కండె తిరగదు, నూలు దాని మొన మీంచి జారుతుంది. కండె తిరిగేదైతే, నాడె ఆగినా అది తిరిగి నూలు చిక్కుపడేది. మా అమ్మ ఎనిమిదో ఏట రాట్నం ముందు కూచుని నేర్చుకున్న సంగతి, చేపల ప్రపంచం పేటెంటుగా రాసుకోవడానికి 1905 దాకా పట్టిందన్నమాట. నేను మూడు వారాలు చదివిన రివ్యూల్లో ఈ ముక్క ఒక్కచోట లేదు. ఆవిడ రెండు నిమిషాల్లో చెప్పింది.

పేరు విషయంలో ఒక తమాషా. స్పిన్నింగ్ అంటే నూలు వడకడం కదా, మిల్లు నించి వచ్చింది కాబట్టి ఆ పేరు అనుకున్నాను. కాదు. నీళ్ళలో గిరగిరా తిరిగే ఎర వేసి పట్టడాన్ని ఈ రీలు పుట్టకముందు నించే ఇంగ్లీషువాళ్ళు స్పిన్నింగ్ అంటున్నారు. వడుకు మిల్లుతో చుట్టరికం కాకతాళీయం.

ఇల్లింగ్‌వర్త్ రీలు బాగానే ఉంది గానీ, విసిరిన ప్రతిసారీ దారాన్ని వేలితో తీసి ఆ చేతి కొక్కేనికి తగిలించాలి. 1930ల్లో హార్డీ కంపెనీ వాళ్ళు దీనికో వంపు తీగ పెట్టారు. తీగ ఎత్తితే దారం స్వేచ్ఛగా పోతుంది, దించితే తనే దారాన్ని అందుకుంటుంది. దీన్నే బెయిల్ అంటారు. అమెరికాకి ఈ పద్ధతి 1930ల మధ్యలో బేష్ బ్రౌన్ అనే ఆయన తెప్పించిన ఫ్రెంచి రీళ్ళతో చేరింది. ఇంటింటికీ చేరింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల కింద క్లూజ్ అనే గడియారాల ఊరుంది. అక్కడి కార్పానో ఎ పాన్స్ అనే కంపెనీ చేసిన మిచెల్ రీళ్ళని 1940ల చివర్లో గార్సియా కంపెనీ అమెరికాలో అమ్మడం మొదలెట్టింది. మిచెల్ 300 అని ఇక్కడ పెద్దవాళ్ళ ముందు అనండి, మన నాన్నల ముందు హెచ్ఎంటీ వాచీ అన్నట్టే, కళ్ళు మెరుస్తాయి. మా పక్కింటాయన ఇచ్చింది కూడా అదే. స్నైడర్ గడియారాల మనిషి, మిచెల్ గడియారాల ఊరిది. ఇంత చిన్న చోట ఇన్ని పళ్ళచక్రాలు ఇమడ్చడం ఇంకెవరికి వస్తుంది!

యుద్ధానికి ముందూ వెనకా ఎందుకింత తేడా? రీలు వల్ల కాదు, దారం వల్ల. ఇది నాకు బాగా ఆశ్చర్యం కలిగించిన సంగతి. పాతరోజుల్లో దారం పట్టుది. పట్టు దారాన్ని వాడిన ప్రతిసారీ రీలు నించి విప్పి ఆరబెట్టాలి, లేకపోతే కుళ్ళిపోతుంది. దాని చివర కనిపించకుండా ఉండటానికి కట్టే పోగు ఇంకా విచిత్రం. పట్టుపురుగు కడుపులోని పట్టు గ్రంథిని బయటికి తీసి, సాగదీసి, ఆరబెట్టి చేసేవాళ్ళు. స్పెయిన్‌లో మూర్సియా ప్రాంతం దీనికి పేరు. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ని లోకానికి ప్రకటించింది. ఆడవాళ్ళ మేజోళ్ళకని మొదలెట్టి, యుద్ధంలో పారాచూట్లకి మళ్ళించి, యుద్ధం అయ్యాక గాలాలకి దండిగా వదిలారు. ఒంటిపోగు నైలాన్ కుళ్ళదు, ఆరబెట్టక్కర్లేదు, నున్నగా జారుతుంది, చవక. 1950ల చివర్లో వచ్చిన స్ట్రెన్ లాంటివి ఇంకా మెత్తబడ్డాయి. నలభై ఏళ్ళుగా సరైన దారం కోసం ఎదురుచూస్తున్న ఆ కదలని కండెకి అప్పుడు జోడీ కుదిరింది. హార్డ్‌వేరు ముందు పుట్టి, సాఫ్ట్‌వేరు తర్వాత వచ్చి, అప్పుడు కానీ వస్తువు జనంలోకి వెళ్ళకపోవడం మనం చూడనిదా!

నైలాన్‌కి ఒక దుర్గుణం ఉంది, జ్ఞాపకశక్తి. ఏ చుట్టలో ఎక్కువకాలం ఉంటే ఆ వంపు గుర్తుపెట్టుకుంటుంది. చిన్న చక్రం మీద చుడితే స్ప్రింగులా బిగుసుకుపోయి విసిరినప్పుడు ఇబ్బంది పెడుతుంది. పెద్ద చక్రమైతే బరువు. 2500 సైజు అనే అంకె అక్కడ కుదిరిన రాజీ. ఎనిమిది పౌండ్ల నైలాన్ సుఖంగా కూర్చునేంత పెద్దది, పదేళ్ళ పిల్ల మణికట్టు మోయగలిగేంత చిన్నది.

ఇక రాడ్డు. 1881లో జేమ్స్ హెన్‌షాల్ అనే డాక్టరు బాసు చేప మీదే ఒక పెద్ద పుస్తకం రాశాడు. అప్పటికి ఇంకా పొడుగు కర్రలే వాడుతుంటే, ఈయన ఎనిమిదడుగుల మూడంగుళాల పొట్టి రాడ్డు వాడమన్నాడు. మంచి రాడ్లన్నీ చీల్చి అతికించిన వెదురువి. ఆ వెదురు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నించి రావాలి, దాన్ని టాంకిన్ వెదురు అంటారు. 1940ల్లో ఆర్థర్ హోవాల్డ్ అనే ఆయన గాజు పీచుతో చేసిన రాడ్డుని షేక్‌స్పియర్ కంపెనీ వండర్‌రాడ్ పేరుతో తెచ్చింది. 1950లో కొరియా యుద్ధం వచ్చి అమెరికా చైనా సరుకు మీద నిషేధం పెట్టడంతో వెదురు ఆగిపోయింది, గాజు పీచు రాజ్యమేలింది. 1960ల్లో బ్రిటన్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రం వాళ్ళు పదునుపెట్టిన కార్బన్ పీచు, 1970ల తొలినాళ్ళలో ఫెన్విక్ కంపెనీ చేతిలో గ్రాఫైట్ రాడ్డుగా మారింది. తేలిక, బిర్రు, ఎరని చేప తాకితే చేతికి తెలుస్తుంది. ఆ రోజుల్లో అది విలాసం. ఈరోజు షాపులో చవక రాడ్లలో కూడా గ్రాఫైట్‌వి దొరుకుతాయి.

స్పిన్నింగ్ రాడ్డుని చూస్తే రింగులు కిందవైపు వేలాడుతుంటాయి, మొదటి రింగు గుప్పెడంత పెద్దదిగా ఉంటుంది. అది సోకు కాదు. కండె మొన మీంచి దారం సుళ్ళు తిరుగుతూ వస్తుంది కదా, ఆ సుళ్ళని పట్టి, సన్నబరిచి, కొస దాకా తిన్నగా పంపాలి. దానికి కాస్త దూరం కావాలి. ఆరున్నర, ఏడడుగులు అనే అంకెలో ఇదీ ఒక భాగం. అందుకే బెయిట్‌కాస్టింగ్ రాడ్డుకి స్పిన్నింగ్ రీలు తగిలించి వాడటం పొదుపు కాదు, రెంటికీ చెడటం.

చవక అంటే ఒక పేరు చెప్పకుండా ఉండలేను. ఓక్లహోమాలో టల్సా ఊళ్ళో జీరో అవర్ బాంబ్ కంపెనీ అని ఒకటుండేది. చమురు బావుల్లో వాడే టైమ్ బాంబులు చేసేది. 1947లో ఆర్. డి. హల్ అనే వాచీల రిపేరు మనిషి ఒక రీలు ఆలోచన పట్టుకుని వాళ్ళ దగ్గరికెళ్ళాడు. కిరాణా కొట్టులో గుమాస్తా పొట్లం కట్టడానికి కదలని ఉండ నించి పురికొస లాగడం చూసి ఆయనకి తట్టిన ఆలోచన అది. మళ్ళీ అదే కండె! 1949లో మొదటి రీలు వచ్చింది. మూత లోపల కదలని చక్రం, బయట ఒక మీట, నొక్కి వదలడమే. బాంబుల కంపెనీ పేరు కురచై జెబ్కో అయ్యింది. అమెరికాలో ఎంతమందికో చిన్నప్పటి మొదటి రీలు అదే.

ఇప్పటిదాకా రీలు కథ. చెరువుకీ ఒక కథ ఉంది, అది తెలియకపోతే ఎంపిక సగమే. మా చుట్టుపక్కల చెరువులు చాలావరకు ప్రకృతి ఇచ్చినవి కావు. వందేళ్ళు పత్తి మీద పత్తి వేసి ఇక్కడి ఎర్రనేలని కడిగేసుకున్నారు. జార్జియాలో ప్రావిడెన్స్ కాన్యన్ అని టూరిస్టు స్థలం ఉంది, చూడ్డానికి ఎంత అందమో. అది 1800ల్లో చెత్త సేద్యం వల్ల పడిన గండ్లు పెరిగి పెరిగి అయిన లోయ. 1935లో, దుమ్ము తుఫానుల కాలంలో, హ్యూ హామండ్ బెన్నెట్ ఆధ్వర్యంలో నేల పరిరక్షణకని కేంద్ర ప్రభుత్వ శాఖ ఏర్పడింది. వాన నీళ్ళని ఆపడానికి, పశువులకి తాగడానికి, పొలాల్లో కుంటలు తవ్వించడాన్ని ప్రోత్సహించింది.

ఆ నీళ్ళలో ఏ చేపలు, ఎన్ని వెయ్యాలన్నది మా పక్క రాష్ట్రం అలబామాలో, ఇప్పుడు ఆబర్న్ యూనివర్సిటీ అనే కాలేజీలో, హోమర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త 1930ల నించి చెరువులు నింపీ ఎండగట్టీ లెక్కపెట్టాడు. 1942లో ఈ.వి. స్మిత్‌తో కలిసి రైతులకోసం బులెటిన్ వేశాడు. ఎరువు వేసిన చెరువుకి ఎకరానికి 1500 బ్లూగిల్ పిల్లలు, 100 బాసు పిల్లలు. ఎరువుకి నీళ్ళు పచ్చబడతాయి, ఆ పచ్చదనం తిని పురుగు పెరుగుతుంది, పురుగుని బ్లూగిల్ తింటుంది, బ్లూగిల్‌ని బాసు తింటుంది, రెంటినీ రైతు కుటుంబం తింటుంది. మనవైపు చేపల చెరువుల్లో శీలావతి, బొచ్చె పెంచేవాళ్ళకి కొర్రమీను దూరిందంటే గుండెల్లో రాయి పడుతుంది. ఇక్కడ తినేసే చేపనే పనిగట్టుకుని వేస్తారు, అది లేకపోతే బ్లూగిల్ లెక్కలేనంతగా పెరిగి అన్నీ వేలెడంతే ఉండిపోతాయి కాబట్టి.

దీనికీ రాడ్డుకీ ఏమిటి సంబంధం? ఈ లెక్కలో పుట్టిన చిన్న చెరువుల్లో సాధారణంగా దొరికేది అడుగు అటూ ఇటూ ఉండే బాసు, ఒకటి రెండు పౌండ్లు. గట్టు మీంచి విసిరితే ముప్పై గజాలు చాలు. ఎర అంటే 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన వంటింట్లో పోతపోసిన రబ్బరు ఎర్ర లాంటిది, పది గ్రాముల లోపు. ఈ మూడూ కలిపితే జవాబు దానంతటదే వస్తుంది. తేలిక ఎర, దగ్గరి దూరం, మధ్యరకం చేప. అంటే కదలని కండె.

మరి నేను బెయిట్‌కాస్టర్ ఎందుకు కొన్నాను? దానికీ చరిత్రే కారణం. 1967లో రే స్కాట్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు ఆర్కన్సాలో బీవర్ లేక్ మీద బాసు పోటీ పెట్టి, 1968లో బాస్ అనే సంఘం పెట్టాడు. వేల ఎకరాల జలాశయాలు, వేగంగా పోయే పడవలు, మునిగిన చెట్ల మధ్యనించి పెద్ద చేపని లాక్కొచ్చే లావు దారాలు. ఆ పనికి బెయిట్‌కాస్టర్ సరైనదే, వాళ్ళ తప్పేం లేదు. గూగుల్‌కి సరిపోయిన డేటాబేసు మన కిరాణా కొట్టుకి పెట్టుకోవడం గూగుల్ తప్పు కానట్టే. గెలిచినవాడి చేతిలో ఏముందో చూశాను గానీ, వాడు ఏ నీళ్ళలో నిలబడి ఉన్నాడో చూడలేదు.

అసలు రికార్డే చూడండి. 1932 జూన్ 2న, ఇదే జార్జియాలో, వాన పడి పొలం పని కుదరక జార్జ్ పెర్రీ అనే రైతు ఇంకో స్నేహితుడితో మాంట్‌గోమరీ లేక్‌కి వెళ్ళాడు. ఇద్దరికీ కలిపి ఒకే రాడ్డు అని చెప్తారు. పట్టిన బాసు 22 పౌండ్ల 4 ఔన్సులు, పది కిలోలు. అది కరువు కాలం, తూకం వేయించి ఇంటికి తీసుకెళ్ళి వండుకున్నారు. ఆ రికార్డుని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 2009లో జపాన్‌లో బివా సరస్సులో మనాబు కురిత పట్టిన చేపతో సమం అయిందంతే.

ఇంతకీ ఏం కొనాలి? నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ముందు ఎర బరువు అనుకోండి, రాడ్డు మీద రాసుండే అంకెల్లో అది ఉందో లేదో చూడండి. ఎనిమిదో వంతు నించి అర ఔన్సు దాకా (3.5 నించి 14 గ్రాములు) ఉంటే చెరువుకి చాలు. మీడియం లేదా మీడియం లైట్ రాడ్డు, 2500 రీలు. దారాన్ని చక్రం అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపండి. మరీ తక్కువైతే అంచుకి రాసుకుని దూరం పోదు, మరీ ఎక్కువైతే చుట్టలన్నీ ఒకేసారి ఊడతాయి. (కండె నిండా చుడితే ఏమవుతుందో అమ్మనడిగాను. "తిట్లు పడతాయి" అంది.) డ్రాగ్ అనే బిగింపుని దారం బలంలో పావు నించి మూడో వంతు దగ్గర పెట్టండి. చేప దారం లాక్కుపోతుంటే పిడి తిప్పకండి, ఇల్లింగ్‌వర్త్ సరిచేసిన మెలి లెక్క అక్కడే తప్పుతుంది. విసిరాక బెయిల్‌ని చేత్తో దించండి. మిగిలిన డబ్బు మంచి దారానికి పెట్టి, ఏడాదికోసారి మార్చండి. 1990ల్లో వచ్చిన అల్లిక దారాలు బలంగా ఉంటాయి గానీ, మొదటిసారికి నైలాన్ చాలు. అన్నట్టు జార్జియాలో పదహారేళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు కావాలి, పిల్లలకి అక్కర్లేదు.

పక్కింటాయన రీలుతో మా అమ్మాయి మొదటి విసురు ఇరవై అడుగులు పోయింది. మూడోది చెరువు మధ్యకి పోయింది. అది నా వైపు చూసిన చూపు ఏ అప్రైజల్‌లోనూ రాలేదు. ఆ వారం ఒక బ్లూగిల్, జూలై మొదట్లో ఒక బాసు, దాని మోచెయ్యంత. ఫోటో తీసుకుని నీళ్ళలో వదిలేసింది. అమ్మ ఒప్పుకోలేదు. "పులుసుకొచ్చేది కదే, వదిలేశావేం?" అంది. మా చెరువులోకి లాన్‌లకి కొట్టే మందులన్నీ కలుస్తాయని, తినకూడదని నచ్చజెప్పాను. కానీ స్వింగిల్ బతికుంటే మా అమ్మ వైపే మాట్లాడేవాడు. కొన్ని బాసుల్ని తీసి తింటేనే మిగిలినవి పెరుగుతాయన్నది ఆయన చెరువు లెక్క.

ఆగస్టులో అమ్మ తిరుగు ప్రయాణమైంది. వెళ్ళేముందు రోజు గట్టు మీద కూచుని, రీలుకి కొత్త దారం ఎక్కించడం మనవరాలికి నేర్పింది. బిగువు తగ్గకుండా రెండు వేళ్ళ మధ్య దారం పట్టుకుని, వరస తప్పకుండా. ఇంగ్లీషు ముక్క రాని ఆవిడా, తెలుగు సగమే వచ్చిన ఆ పిల్లా ఎలా మాట్లాడుకున్నారో నాకు తెలీదు. దారం మాత్రం కాకిగూడు కాలేదు.

నా బెయిట్‌కాస్టర్ ఇంకా గరాజులోనే ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి, చవగ్గా ఇస్తాను. కాకపోతే ఖరీదు గురించి మా ఆవిడ ముందు అడక్కండి.